గాజుపోగుల మార్గమున హెచ్చరిక దీపములు

ఒక యంత్రము చెడినప్పుడు ఎర్రదీపము వెలుగుట మనకందరకు తెలిసిన విషయమే. దీపము వెలిగిన చోటనే చెడుగు కలదని తలచుటయు మనకు అలవాటే. టెలిఫోను మాటలను, వార్తలను, బ్యాంకుల లెక్కలను, ఆసుపత్రుల పిలుపులను దూరదేశములకు మోయుచున్న గాజుపోగుల మార్గములందు మాత్రము ఈ అలవాటు తరచుగా మనలను దారి తప్పించును. అక్కడ దీపము వెలుగునది ఒక ఊర, దెబ్బ తగులునది వేరొక ఊర. కేక వేసినవాడే గాయపడినవాడని తలచి వానికి కట్టు కట్టినచో, నిజముగా గాయపడినవాడు దారిప్రక్కన అట్లే పడియుండును. ఈ హెచ్చరికలను చదువవలసిన తీరు ఎట్టిదో, సరిగా చదువకున్నచో కలుగు కష్టమెట్టిదో నేటి ప్రసంగమున మనవి చేయదలచినాము.

మొదట ఆ మార్గమును గూర్చి నాలుగు మాటలు. ఆప్టికల్ ఫైబరు అని వాడుకలో చెప్పునది వెంట్రుక కంటె కొంచెము లావైన గాజుపోగు. దూరప్రయాణమునకు వాడు పోగులో కాంతి నడచు దారి నట్టనడుమ 9 మైక్రానుల మేర మాత్రమే ఉండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. గాజులో కాంతిని బహుదూరము పంపవచ్చునని 1966లో ఇంగ్లండులో పనిచేయుచున్న చార్లెస్ కావ్, జార్జి హాకమ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఒక కిలోమీటరు పోవుసరికి పంపిన కాంతిలో నూటికి ఒక్క పాలు మిగిలినను పని జరుగునని వారి అంచనా. ఆనాటి గాజులో ఆ పాటి వెలుగు కూడ మిగులుట లేదు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థకు చెందిన రాబర్ట్ మారర్, డొనాల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ అనువారు అంతటి స్వచ్ఛమైన గాజుపోగును తీయగలిగిరి. నేటి పోగులో ఒక కిలోమీటరు పోయిన పిమ్మట నూటికి 95 పాళ్ల కాంతి మిగిలియుండును. కావ్‌గారికి 2009లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది.

ఇట్టి పోగుకు రెండు కొసలయందును యంత్రములుండును. నిలువెత్తు ఇనుప చట్రములలో, అలమరలో పుస్తకములు పేర్చినట్లు, పలకలను వరుసగా అమర్తురు. వాడుకలో వీటిని కార్డులందురు. ఒక కార్డులోని లేజరు విద్యుత్సంకేతమును కాంతిగా మార్చి పంపును. ఆవలి కొసనున్న గ్రాహకము ఆ కాంతిని మరల విద్యుత్తుగా మార్చును. కార్డులను చల్లబరచుటకు పంకాలు కలవు. వాటిని నడుపుటకు 48 వోల్టుల విద్యుత్తును, ఊరి కరెంటు పోయినప్పుడు ఆదుకొనుటకు బ్యాటరీలను ఏర్పరతురు. ఈ సరఫరాలో ధనధ్రువమును భూమికి కలుపుట రాగితీగల టెలిఫోను నాటి నుండి వచ్చుచున్న ఆచారము. భూమిలోని తేమవలన తీగ తరిగిపోకుండుటకు పూర్వులు చేసిన ఏర్పాటది. తీగ పోయి గాజు వచ్చినను ఆ ఆచారము నిలిచినది.

ఈ యంత్రముల విశేషమేమనగా, ప్రతి భాగమును తన్ను తాను కనిపెట్టుకొని యుండును. లేజరు, గ్రాహకము ఇమిడియున్న చిన్న మాడ్యూలు, బొటనవ్రేలంత వస్తువు, అయిదు సంగతులను ఎల్లప్పుడు కొలిచి చెప్పుచుండును. తన వేడి యెంత, తనకందు వోల్టేజి యెంత, లేజరు త్రాగుచున్న కరెంటు ఎంత, తాను పంపుచున్న కాంతి యెంత, తనకు చేరుచున్న కాంతి యెంత. వీటిలో ఏదేని హద్దు దాటినచో హెచ్చరిక పుట్టును. అది కార్డుమీద దీపముగా వెలుగును. దూరమున పర్యవేక్షణ కేంద్రములో కూర్చున్నవారి తెరమీద ఒక పంక్తిగా కనిపించును.

అన్ని హెచ్చరికలు సమానములు కావు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1992లో వెలువరించిన ఒక ప్రమాణము వీటికి మెట్లు నిర్ణయించినది. సేవ ఆగిపోయినది, తక్షణము చూడవలెననునది మొదటి మెట్టు. సేవ కుంటుపడినది, ఆలస్యము తగదనునది రెండవది. సేవకు భంగము లేదు గాని ఉపేక్షించినచో ముప్పు కలదనునది మూడవది. ముందు ముందు చెరుపు కలుగవచ్చునని సూచించుట నాలుగవది. వైద్యుని యెదుట కూర్చున్న రోగులలో ఎవరిని ముందు చూడవలెనో ఎంచుటవంటిదే ఈ వింగడింపు. అయినను మెట్టు చెప్పునది తీవ్రతను మాత్రమే. చోటును అది చెప్పదు.

చోటు సంగతి యెట్లో ఒక ఉదాహరణముతో చూతము. విజయవాడ నుండి ఏలూరు, రాజమహేంద్రవరముల మీదుగా విశాఖపట్టణమునకు ఒక మార్గము కలదనుకొందము. ఏలూరు దాటిన తరువాత, విశాఖ దిక్కుగా కాంతిని మోయు పోగు ఒక్కటి విరిగినదనుకొందము. రాజమహేంద్రవరమున గ్రాహకము చీకటిలో పడును. వెంటనే అది 'కాంతి రాలేదు' అని కేక వేయును. దీనినే సాంకేతికులు ఎల్.ఓ.ఎస్. అందురు. అంతటితో ఊరకుండక, దిగువనున్న విశాఖకు 'పైనుండి నాకే రాలేదు, దోషము నీ దగ్గర వెదుకవలదు' అని ఒక సంకేతమును పంపును. దానిపేరు ఏ.ఐ.ఎస్. ఇక వెనుకనున్న ఏలూరుకు 'నీవు పంపినది నాకు చేరుట లేదు' అని మరియొక సంకేతమును పంపును. దానిపేరు ఆర్.డి.ఐ. అట్లే విశాఖ తన వంతుగా, మార్గము మొదట నున్న విజయవాడకు కబురు పంపును. చూచితిరా, విరిగినది ఒక్క పోగు. దీపములు వెలిగినవి నాలుగు ఊళ్లలో. ఆ పోగుమీద వేల సంభాషణలు సాగుచుండును గనుక పర్యవేక్షణ కేంద్రపు తెరమీద వందల పంక్తులు ఒక్కసారిగా కురియును. ఆ వందలలో ప్రత్యక్షసాక్షి ఒక్కటే, రాజమహేంద్రవరపు ఎల్.ఓ.ఎస్. మిగిలినవన్నియు విన్నమాటలే. విన్నమాటలు అబద్ధములని కాదు. అవి దారి చూపును. కాని విశాఖలో కార్డు మార్చినను, విజయవాడలో యంత్రమును ఆపి తిరిగి నడిపినను ఒరుగునది లేదు.

కేకకు, గాయమునకు నడుమ దేశముల సరిహద్దు కూడ ఉండవచ్చును. 2011 మార్చి 28న ఆర్మీనియా దేశమున చాల భాగమునకు కొన్ని గంటల సేపు ఇంటర్నెట్టు నిలిచిపోయెను. ఆ దేశపు యంత్రములందు లోపము లేదు. పొరుగున నున్న జార్జియాలో 75 ఏండ్ల వృద్ధురాలు పాత రాగిని ఏరుకొనుటకై నేల త్రవ్వుచుండగా గాజుపోగుల కేబులు తెగినదని అక్కడి అధికారులు ప్రకటించిరి. రాగికొరకు త్రవ్విన పార గాజును తెంచినది.

ఇక పరీక్షించు క్రమమును చెప్పెదము. అనుభవజ్ఞుడైన సాంకేతికుడు ముందుగా స్క్రూడ్రైవరును చేతబట్టడు, చిట్టాను చదువును. హెచ్చరికలలో మొట్టమొదటిది ఏది? అది యే నిమిషమున, యే సెకండున పుట్టినది? అందువలననే అన్ని ఊళ్ల యంత్రముల గడియారములు ఒకే కాలమును చూపవలెనని పట్టుబట్టుదురు. గడియారములు సరిపోనిచో ఏది ముందో, ఏది వెనుకో చెప్పుట అసాధ్యము. రెండవ ప్రశ్న: దీనికి ముందు ఎవరైన ఏమైన మార్చిరా? ఆ గదిలో ఉదయము ఎవరో పని చేసిపోయిరేమో. మూడవ ప్రశ్న: ఒక్క కార్డు మూల్గుచున్నదా, చట్రమంతయు మూల్గుచున్నదా? చట్రములోని పలకలన్నియు ఒకేసారి చెడుట అరుదు. అన్నియు ఒకేసారి మొరపెట్టినచో పలకలను విడిచి, అన్నింటికిని ఉమ్మడియైన విద్యుత్సరఫరాను, ఫ్యూజును, పంకాలను చూడవలెను.

ఆ పిమ్మట కాంతి లెక్క. ఒక మిల్లీవాటు కాంతిని సున్నగా గణించి, అంతకు తగ్గుదలను డెసిబెళ్లలో చెప్పుదురు. 3 డెసిబెళ్లు తగ్గినచో కాంతి సగమైనదని అర్థము. 10 తగ్గినచో పదవ వంతు. మంచి పోగులో కిలోమీటరుకు దాదాపు 0.2 డెసిబెలు నష్టము గనుక 80 కిలోమీటర్లకు 16 డెసిబెళ్లు పోవును, అనగా పంపినదానిలో నలుబదవ వంతు చేరును. ఇది సహజమైన వ్యయము. ఎంత పంపినది, ఎంత చేరవలసినది, ఎంత చేరినది అను మూడు అంకెలను వరుసగా వ్రాసికొన్నచో సగము సంశయము తీరును. పంపువాడు ఎప్పటివలె పంపుచు, చేరునది మాత్రము మొన్నటి కంటె 10 డెసిబెళ్లు తగ్గినచో, దోషము రెండు యంత్రములందును లేదు, దారిలో కలదు. పంపుచున్నదే తగ్గినచో లేజరును చూడవలెను. చేరుచున్న కాంతి సరిగానే యుండియు తప్పులు దొర్లుచున్నచో గ్రాహకమును, దాని వెనుకనున్న కార్డును శంకింపవలెను.

దారిలో దోషమనగానే నేల త్రవ్వనక్కరలేదు. చాలసార్లు దోషి గదిలోనే దొరకును. ఆ దోషి పేరు దుమ్ము. కాంతి నడచు దారి 9 మైక్రానులని చెప్పియుంటిమి. ఆ దారికి అడ్డముగా కంటికి కనరాని ధూళికణము ఒక్కటి కనెక్టరు ముఖమున కూర్చున్నను, కొండరాయి రహదారిమీద పడినట్లే. వ్రేలితో తాకినచో వ్రేలి జిడ్డు అంటును. చొక్కా అంచుతో తుడిచినచో ఉన్న దుమ్మునకు కొత్త పోగులు తోడగును. కావున ముందు సూక్ష్మదర్శినితో చూచి, తగిన సాధనముతో శుభ్రపరచి, మరల చూచి, అటుపిమ్మటనే కలుపవలెనని నియమము. ఇక్కడ ఒక ప్రాణప్రదమైన హెచ్చరిక కలదు. ఈ మార్గములలో నడచు 1310, 1550 నానోమీటర్ల కాంతి మన కంటికి కనిపింపదు. కనిపించుట లేదు గదా యని పోగు కొసను కంటికెదురుగా పెట్టి చూచినచో, నొప్పి తెలియకయే కంటిపొర కాలిపోవచ్చును. లేజరును ఆపినారని తెలిసినను పోగులోనికి తొంగిచూడరాదు.

దుమ్ము కాదని తేలినచో 'లూప్‌బ్యాక్' పరీక్ష. యంత్రము పంపిన కాంతిని చిన్న పోగుతో దాని గ్రాహకమునకే త్రిప్పి యిత్తురు. తన మాట తనకు చక్కగా వినబడినచో ఆ యంత్రము నిర్దోషి. ఇందులోను ఒక మెలకువ కలదు. దూరమునకు పంపు లేజరు చెవిటివానితో మాటలాడినట్లు గట్టిగా అరచును. ఆ అరపును 80 కిలోమీటర్ల దూరము తగ్గింపక నేరుగా గ్రాహకము చెవిలో వినిపించినచో చెవి పగులును. అందుచే నడుమ కాంతిని తగ్గించు ఎటెన్యుయేటరును తప్పక ఉంచవలెను. ఇక భాగములను మార్చి చూచునప్పుడు ఒకసారి ఒకటి మాత్రమే మార్చవలెను. కార్డును, మాడ్యూలును, పోగును మూడింటిని ఒక్కసారి మార్చినచో దీపము ఆరవచ్చును. కాని ఏది చెడినదో తెలియదు. మూడును చెత్తలోనికో, మరమ్మతునకో పోవును. అందులో రెండు మంచివి. అంతకంటె కీడు, నిజమైన దోషము నాలుగవచోట దాగియుండి, ఆ కదలికలో తాత్కాలికముగా సర్దుకొన్నదేమో యను శంక మిగిలిపోవును.

నేలలో తెగినదని తేలినప్పుడు ఓ.టి.డి.ఆర్. అను పరికరము పని మొదలగును. అది పోగులోనికి కాంతిని రెప్పపాటు కంటె ఎంతో తక్కువ కాలము పంపి, తిరిగివచ్చు ప్రతిబింబమునకై వేచియుండును. బావిలోనికి రాయి విడిచి చప్పుడునుబట్టి లోతు ఎంచుటవంటిది. గాజులో కాంతి సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. కిలోమీటరు దూరము పోయి తిరిగి వచ్చుటకు సెకండులో లక్షవ వంతు పట్టును. దానినిబట్టి తెగిన చోటు ఎంత దూరమో తేలును. అయినను పరికరము చెప్పునది పోగు పొడవు. మధ్య మధ్య గుంతలలో అదనపు కేబులును చుట్టలుగా దాచియుంతురు గనుక నేలమీద దూరము అంతకు తక్కువగా ఉండును. ఏ గుంతలో ఎన్ని మీటర్లు చుట్టినది వ్రాసిపెట్టినవాని పుణ్యమున ఆ రాత్రి సరియైన చోట పార పడును.

ఇంతవరకు కేక వేయు దోషములను గూర్చి చెప్పితిమి. మెల్లగా గొణుగు దోషములు వేరు. లేజరు ముసలిదగుకొలది అంతే కాంతి నిచ్చుటకు ఎక్కువ కరెంటు కోరును. కాంతి తగ్గదు గనుక సేవకు లోపము కనబడదు. కరెంటు మాత్రము వారము వారము పెరుగును. ఆ పెరుగుదలను చూపు చిన్న హెచ్చరిక, ఆ లేజరు ఆయువు తీరనున్నదని ముందుగా వచ్చిన జాబు. పంకాలో ఒకటి ఆగినచో మిగిలినవి ఎక్కువ వేగముగా తిరిగి పని గడుపును. జల్లెడలో దుమ్ము నిండినచో వేడి కొద్దికొద్దిగా ఎక్కును. మన రాయలసీమ, తెలంగాణముల వేసవిలో ఈ హెచ్చరికను చిన్నచూపు చూడరాదు. ఏలయనగా, ఒక్క పోగులోనే అనేక వర్ణముల కాంతులను ప్రక్కప్రక్కన పంపుదురు. వాడుకలో నున్న ఒక ఏర్పాటులో వర్ణమునకు, వర్ణమునకు ఎడము సుమారు 0.8 నానోమీటరు. లేజరు వేడి ఒక డిగ్రీ పెరిగినచో దాని వర్ణము దాదాపు 0.1 నానోమీటరు జరుగును. చల్లబరచు ఏర్పాటు చెడి కొద్ది డిగ్రీలు పెరిగినచో ఆ లేజరు పొరుగువాని గట్టు దాటి వాని పొలములో పడును. ఆ పొరుగువాడు తన దగ్గర దోషమేమియు లేకయే మొరపెట్టును.

మరియొక విషయము. రేడియోలో మాటలు క్షణకాలము ఆగినను శ్రోతలు గ్రహింతురు. ప్రసారశాలలో నున్న మాకు గుండె ఝల్లుమనును. గాజుపోగుల మార్గములందు అట్లు కాదు. ముఖ్యమైన మార్గములను వలయముగా నిర్మించి, ఒక వైపు తెగినచో రెండవ వైపునకు మాటలను మరలించు ఏర్పాటు చేయుదురు. ఈ మరలింపు సెకండులో ఇరువదవ వంతులో ముగియును. మాటలాడుచున్న ఇరువురకు తెలియదు. ఏ ఫిర్యాదును రాదు. తెగిన సంగతి ఎరిగినది ఒక్క దీపము మాత్రమే. 'అంతయు నడచుచున్నది గదా' యని ఆ దీపమును ఉపేక్షించినచో, వారము దినములకో, నెలకో రెండవ వైపు తెగిన నాడు ఊరంతయు మూగవోవును. సాంకేతికుడు తొందరలో చెడినదనుకొని, పని చేయుచున్న కార్డును ఊడబెరికినను ఇదే గతి. కాబట్టి ఏ కార్డును తాకుటకు ముందైనను 'ఇప్పుడు మాటలు ఏ వైపున నడచుచున్నవి?' అని ప్రశ్నించుకొనవలెను.

ఇంత జాగ్రత్త యెందులకో తెలుపు ఉదంతమొకటి అమెరికాలో జరిగినది. 2018 డిసెంబరు 27వ తేదీన సెంచురీలింక్ అను పెద్ద టెలిఫోను సంస్థవారి గాజుపోగుల వ్యవస్థలో, డెన్వరు నగరమందలి యంత్రములోని ఒక పలక వికృతమైన సందేశములు నాలుగింటిని పుట్టించినది. అవి ప్రజల మాటలు నడచు దారిలో గాక, యంత్రములు తమలో తాము కబుర్లు చెప్పుకొను దారిలో పడినవి. ప్రతి యంత్రమును తనకు వచ్చిన సందేశమును తన పొరుగువారందరకు పంపెను. వారు తమ పొరుగులకు పంపిరి. ఇంత కాలమునకు చావవలెనను గడువు ఆ సందేశములకు లేదు. అవి పెరిగి పెరిగి యంత్రముల బుర్రను ముంచివేసినవి. ఇక పర్యవేక్షణ కేంద్రమువారు దూరము నుండి యంత్రములతో మాటలాడవలెనన్నను ఆ దారియే మూసుకొనిపోయినది. ఏ దారిన హెచ్చరికలు రావలెనో ఆ దారికే జబ్బు చేసినది. సాంకేతికులు స్వయముగా యంత్రములున్న చోట్లకు పోవలసివచ్చెను. ఆ రాత్రి డెన్వరులోని పలకను కనుగొని తొలగించిరి. అయినను అప్పటికే ఊరూర తిరుగుచున్న సందేశములు ఆగలేదు. వాటిని వేరుగా అరికట్టవలసివచ్చెను. మొత్తము మీద దాదాపు 37 గంటల కాలము సేవలు దెబ్బతినెను. అక్కడి ప్రభుత్వ కమిషను 2019 ఆగస్టులో ప్రకటించిన విచారణ నివేదిక ప్రకారము 39 రాష్ట్రములలో 2 కోట్ల 20 లక్షల వరకు వినియోగదారులు ఇబ్బందిపడిరి. ఆపదలో నున్నవారు 911 అను సంఖ్యకు చేయు పిలుపులలో కనీసము 886 చేరవలసిన చోటికి చేరలేదు.

ఆ 886 అంకెను ఒక్క నిమిషము తలచుకొనవలెను. మనకు 108 ఎట్టిదో వారికి 911 అట్టిది. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశమున 108 సేవ ప్రారంభమైన నాటి నుండి, ప్రమాదమున చిక్కినవారు, నొప్పులు పడుచున్న తల్లులు మొదట తలచునది ఆ సంఖ్యనే. ఆ పిలుపు అంబులెన్సు నడుపువాని చెవినబడుటకు ముందు ఎక్కడో ఒక గాజుపోగును, ఒక లేజరును, ఒక గ్రాహకమును దాటియే రావలెను. అందుచే ఎర్రదీపము యొక్క అర్థమును సరిగా గ్రహించుట కేవలము యంత్రశాస్త్రమునకు చెందిన పని కాదు.

డెన్వరు ఉదంతము నుండి గ్రహింపవలసినవి రెండు కలవు. కారణమును తొలగించినంత మాత్రమున దాని ఫలితములు తొలగిపోవు. దీపము ఆరిన పిమ్మట కూడ కొన్ని గంటలు కనిపెట్టియుండి, అంకెలు మునుపటి స్థితికి వచ్చినవో లేవో చూడవలెను. రెండవది, హెచ్చరిక రాకపోవుట క్షేమమునకు గుర్తు కాదు. ఎప్పుడును మాటలాడు యంత్రము మౌనము వహించినచో ఆ మౌనమే పెద్ద హెచ్చరిక. దీనికి తోడు ఒక మానవ దౌర్బల్యము కలదు. రోజును వచ్చిపోవు చిన్న హెచ్చరికలతో విసిగి వాటిని తెరమీద కనబడకుండ మరుగుపరచుట. నూరు పనికిమాలిన కేకల నడుమ నూటయొకటవ నిజమైన కేక వినబడదు. కావున పనికిరాని హెచ్చరిక పుట్టుటకు కారణమును సరిచేయవలెను గాని దానిని మరుగుపరచరాదు.

ఈ సంగతులన్నియు మన ఇండ్లకు కూడ సంబంధించినవే. నేడు అనేక గృహములకు గాజుపోగు వచ్చియున్నది. ఎక్స్ఛేంజి నుండి బయలుదేరిన ఒక్క పోగును దారిలో చీల్చి 32 ఇండ్లకో, 64 ఇండ్లకో పంచుట కలదు. గోడనున్న చిన్న పెట్టెమీద ఎల్.ఓ.ఎస్. అను దీపము ఎర్రగా వెలిగినచో 'నాకు కాంతి రాలేదు' అని ఆ పెట్టె చెప్పుచున్నదన్నమాట. ఆ పెట్టె సాక్షి మాత్రమే. దానిని పదిసార్లు ఆపి వెలిగించినను రాని కాంతి రాదు. సన్నని పోగు తలుపు సందున నలిగినదేమో, బల్లకాలి క్రింద పడినదేమో, మేకునకు మెలివేసి కట్టినారేమో చూడుడు. పోగు గట్టిగా వంగినచో కాంతి వంపున బయటికి జారిపోవును. పొరుగింటివారికిని ఎర్రదీపమే యున్నచో దోషము మీ యింట లేదు, అందరకు ఉమ్మడియైన దారిలో కలదు. ఆ మాటను ఫిర్యాదు తీసికొనువారితో చెప్పినచో వారికి ఎంతో మేలు చేసినవారగుదురు. కనెక్టరును ఊడదీసి గుడ్డతో తుడువకుడు, పిల్లలను దానిలోనికి చూడనీయకుడు, పెట్టె వెనుక సూదితో నొక్కు రంధ్రము జోలికి పోకుడు. దానిని నొక్కినచో కొన్ని పెట్టెలలో ఏర్పాటులన్నియు చెరిగిపోవును.

ఈ పెట్టెలలో మరియొక చక్కని ఏర్పాటు కలదు. ఇంట కరెంటు పోయినప్పుడు, ఆ పెట్టె పూర్తిగా ఆరిపోవుటకు ముందు తనలో మిగిలిన కొద్ది శక్తితో 'నాకు కరెంటు పోయినది' అని ఎక్స్ఛేంజికి ఒక్క మాట పంపి మరీ ఆరును. సాంకేతికులు దీనిని తుదిశ్వాస యని పిలుతురు. ఆ మాట చేరినచో కరెంటు పోయినదని, చేరకుండనే పెట్టె మాయమైనచో పోగు తెగినదని అక్కడివారు గ్రహింతురు. నిచ్చెనతో మనిషిని పంపవలెనా, కరెంటు వచ్చువరకు ఆగవలెనా యనునది ఆ ఒక్క మాటతో తేలును.

యంత్రము తన వంతు సాక్ష్యమును ఇంత శ్రద్ధగా చెప్పుచుండగా వినువాడు తొందరపడరాదు. ఎవరు ముందు పలికిరి, ఎవరు కన్నది చెప్పిరి, ఎవరు విన్నది చెప్పిరి అని విచారించి, ఒకసారి ఒక్కటి మార్చి, ఏమి మార్చినదియు, ఎందుకు మార్చినదియు చిట్టాలో వ్రాసిపెట్టవలెను. ఆ వ్రాతను చదువువాడు మరియొక రాత్రి, మరియొక వానలో, అదే దీపము నెదుట నిలువబోవు తోటి పనివాడు.